మోవర్ బ్లేడు రాయికి తగిలినా గేర్‌బాక్సు పగలకుండా కాపాడుకోవడం ఎలా

ట్రాక్టర్ వెనుక తగిలించి 1.5 మీటర్ల వెడల్పున గడ్డి కోసే రోటరీ మోవర్‌లో బ్లేడ్లు నిమిషానికి 1000 చుట్లు తిరుగుతున్నాయనుకుందాం. అప్పుడు బ్లేడు కొన సెకనుకు దాదాపు 78 మీటర్లు, అంటే గంటకు 280 కిలోమీటర్లకు పైబడిన వేగంతో పోతుంటుంది. ఎత్తైన గడ్డిలో కనబడకుండా ఉన్న చెట్టు మొద్దుకో, సగం పూడుకుపోయిన బండరాయికో ఆ కొన తగిలిన క్షణాన ఏం జరుగుతుందో ముందు అర్థం చేసుకుంటే, తరువాత చెప్పబోయే పనుల్లో ఏది ఎందుకు చేయాలో విడిగా గుర్తుపెట్టుకోవలసిన అవసరం ఉండదు.

పని మామూలుగా సాగుతున్నప్పుడు, 540 ఆర్‌పీఎం (నిమిషానికి 540 చుట్లు) మీద 50 హార్స్‌పవర్ అందిస్తున్న పీటీఓ షాఫ్టులో, అంటే ట్రాక్టర్ ఇంజను శక్తిని మోవర్‌కు చేర్చే షాఫ్టులో, సుమారు 660 న్యూటన్ మీటర్ల టార్క్ (మెలితిప్పే బలం) ఉంటుంది. ఆ తరగతి మోవర్ల షాఫ్టును, దాని చివరల కీలుల్లా పనిచేసే క్రాసులను, గేర్‌బాక్సులోని పళ్లను ఇలాంటి లెక్కకు కొంత అదనపు బలం కలిపి తయారుచేస్తారు. బ్లేడు దేన్నో గుద్దుకుని ఆగిపోతే ఆ లెక్క చెల్లదు. తిరుగుతున్న బరువులో ఉన్న శక్తి ఎంత తక్కువ తిరుగుడులో ఖర్చయిపోవలసి వస్తే టార్క్ అంతగా పెరుగుతుంది. రెండు చుట్లలో ఆగవలసినది పావు చుట్టులోనే ఆగితే సగటు టార్క్ ఎనిమిది రెట్లవుతుంది. ఒక చివర బ్లేడు ఆగిపోయింది, రెండో చివర ఇంజను, దాని ఫ్లైవీలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. మధ్యనున్న డ్రైవ్‌లైన్ (ఇంజను తిప్పుడును బ్లేడ్ల దాకా అందించే భాగాల వరుస) పరిస్థితి ఇద్దరు చెరో కొన పట్టుకుని పిండుతున్న తడిబట్టలాంటిది.

అందుకే ఆ వరుసలో ఒకచోట కావాలనే ఒక బలహీనమైన భాగాన్ని పెడతారు. భారం హద్దు దాటగానే అది తెగిపోవాలి, లేదా జారిపోవాలి. డ్రైవ్‌లైన్‌ను కాపాడుకోవడమంటే ప్రధానంగా ఆ బలహీనతను బలహీనంగానే ఉంచడం. నా మట్టుకు నాకు, గేర్‌బాక్సుకు బండరాయి కన్నా పెద్ద శత్రువు అక్కడ బిగించిన గట్టి బోల్టే అనిపిస్తుంది.

అయితే ఈ రక్షణకు ఒక హద్దు ఉందని మొదటే తెలుసుకోవాలి. అలా తెగిపోయే షియర్ బోల్టు గానీ, జారిపోయే స్లిప్ క్లచ్ గానీ సాధారణంగా షాఫ్టు గేర్‌బాక్సులోకి ప్రవేశించే చోట ఉంటాయి కాబట్టి, అవి ట్రాక్టర్ వైపు నుంచి వచ్చే తోపును మాత్రమే తెంపగలవు. బ్లేడ్ల సొంత విసురు బ్లేడు బోల్టుల మీద, బ్లేడ్లు తగిలించిన పళ్లెం మీద, గేర్‌బాక్సు నుంచి కిందికి దిగే నిలువు షాఫ్టు మీద నేరుగా పడుతుంది. దాన్ని తగ్గించగలిగేవి రెండే: దెబ్బ తగిలినప్పుడు బ్లేడు తన బోల్టు మీద వెనక్కి మడుచుకోగలగడం, దెబ్బే తగలకుండా మీరు తీసుకునే జాగ్రత్త.

మీ మోవర్‌కు ఏ రక్షణ ఉందో గుర్తించండి

ఇంజను ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకుని, మోవర్‌ను నేల మీదికి దించిన తరువాతే ఈ పనికి కూర్చోండి. షాఫ్టు మోవర్ వైపు చివరన ఉన్న కవరును తొలగించి చూడండి. గుండ్రటి ప్లేట్లు దొంతరగా పేర్చి, చుట్టూ స్ప్రింగులున్న బోల్టులతో బిగించి ఉంటే అది స్లిప్ క్లచ్. ప్లేట్లేమీ లేకుండా, యోక్‌నూ (క్రాసును పట్టుకునే రెండు కొమ్ముల ముక్క) గేర్‌బాక్సు షాఫ్టునూ కలుపుతూ అడ్డంగా ఒకే ఒక్క బోల్టు దూరి ఉంటే అది షియర్ బోల్టు. చిన్న, మధ్యరకం మోవర్లలో ఈ రెండోదే ఎక్కువగా కనబడుతుంది.

ఈ రెండూ లేని పాత మోవర్ చేతికి వస్తే, దానికి సరిపడే క్లచ్ బిగించకుండా రాళ్లూ మొద్దులూ ఉన్న నేలలోకి దింపవద్దు. క్లచ్ బిగించినప్పుడు మామూలు యోక్ కన్నా అది ఎక్కువ పొడవు తీసుకుంటుంది కాబట్టి, షాఫ్టు పొడవును మళ్లీ కొలిచి తగ్గించవలసి రావచ్చు. ఆ కొలత సంగతి కింద వస్తుంది.

షియర్ బోల్టు: గట్టిదనం ఎక్కువైతే చేటు

షియర్ బోల్టుగా చాలా మోవర్లకు గ్రేడ్ 2 బోల్టు చెబుతారు. మీ యంత్రపు పుస్తకంలో ఏ గ్రేడు, ఏ మందం, ఏ పొడవు రాసి ఉంటే అదే కొనాలి. అటూ ఇటూ పోకూడదు. బోల్టు తలను వెలుతురులో పెట్టి చూస్తే దాని గ్రేడు తెలిసిపోతుంది. అంగుళాల కొలత బోల్టులలో తల మీద గీతలేమీ లేకపోతే అది గ్రేడ్ 2, మూడు గీతలుంటే గ్రేడ్ 5, ఆరు గీతలుంటే గ్రేడ్ 8. గ్రేడ్ 8 బోల్టు ఉక్కు బలం గ్రేడ్ 2 బోల్టుకు దాదాపు రెట్టింపు. మిల్లీమీటర్ల కొలత బోల్టులలో తల మీద 8.8 అని ఉంటే అది గ్రేడ్ 5కు దగ్గరగా ఉంటుంది, కనుక గ్రేడ్ 2 కావలసిన చోట అది పనికిరాదు.

పని మధ్యలో బోల్టు తెగినప్పుడు చేతికందిన బోల్టును తోసి బిగించడం చాలామందికి అలవాటు. ఆ పూట పని గడిచిపోతుంది, నిజమే. కాని తరువాతి రాయి దగ్గర ఆ బోల్టు తెగదు, దానికి బదులు గేర్ల పళ్లు తెగుతాయి. సరైన బోల్టులు నాలుగైదు, వాటి నట్లు, వాటికి సరిపోయే పానా ఒక డబ్బాలో పెట్టి ట్రాక్టర్ మీదే ఉంచుకుంటే ఆ తొందరపాటుకు అవకాశమే ఉండదు.

తెగిన బోల్టు ముక్కలను పారేయకండి, ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. తెగిన ముఖం చదునుగా, అడ్డంగా కోసినట్టుగా ఉంటే ఒకే దెబ్బకు తెగిందని అర్థం. అది తన పని తాను చేసింది. బోల్టు ఒంటి మీద మెట్టులా అరిగిన గుర్తు కనబడినా, ముక్కలు వంకర పోయి ఉన్నా, బోల్టు వదులుగా ఉండి చాలాసేపు రంధ్రంలో కొట్టుకుని తెగిందన్నమాట. అప్పుడు యోక్ రంధ్రంలోకి చూపుడు వేలి కొన పెట్టి తడిమి చూడండి. గుండ్రంగా ఉండవలసిన రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి సాగి ఉంటే, ఇక ఎన్ని కొత్త బోల్టులు వేసినా అకారణంగా తెగుతూనే ఉంటాయి, మార్చవలసింది యోక్‌ను.

ఇంకొక సంగతి చాలామంది కంటపడదు. బోల్టు తెగిన తరువాత యోక్ గేర్‌బాక్సు షాఫ్టు మీద స్వేచ్ఛగా తిరగగలగాలి. వానలో నానిన మోవర్‌లో ఆ రెండూ తుప్పుతో అతుక్కుపోతే, బోల్టు తెగినా ట్రాక్టర్ తోపు ఆ తుప్పు పట్టుతోనే గేర్లకు చేరుతుంది. కనుక ఏడాదికి ఒకసారైనా బోల్టు తీసి, యోక్‌ను చేత్తో తిప్పి చూసి, ఆ షాఫ్టుకు పలచగా గ్రీజు పట్టించండి.

స్లిప్ క్లచ్: జారుతుందో లేదో పరీక్షించాల్సిందే

స్లిప్ క్లచ్‌తో వచ్చిన చిక్కేమిటంటే, పాడైన క్లచ్చూ బాగున్న క్లచ్చూ పైకి ఒకేలా కనబడతాయి. రాపిడితో పట్టు ఇచ్చే లైనింగ్ ప్లేట్లు ఉక్కు ప్లేట్లకు స్ప్రింగుల ఒత్తిడితో ఆనుకుని ఉంటాయి. మోవర్ నెలల తరబడి కదలకుండా నిలబడితే తేమకు వాటి మధ్య తుప్పు పేరుకుని అన్నీ ఒకే ముద్దగా అతుక్కుంటాయి. ఆ తరువాత అది క్లచ్ కాదు, బరువైన ఇనుప దిమ్మె. అందుచేత ప్రతి సీజను మొదట్లోనూ, మోవర్ నెల రోజులకు మించి ఖాళీగా ఉన్న ప్రతిసారీ ఈ కింది పరీక్ష చేయండి. అరగంట పని.

ముందుగా ప్రతి స్ప్రింగు పొడవును కొలిచి కాగితం మీద రాసుకోండి. కొన్ని క్లచ్‌లలో చుట్ట స్ప్రింగులకు బదులు ఒకే పెద్ద స్ప్రింగు ప్లేటు ఉంటుంది. అలాంటప్పుడు నట్టు అవతల ఎంత మర బయటికి వచ్చి ఉందో కొలవండి. ఈ కొలతే చివర్లో మిమ్మల్ని మళ్లీ సరైన బిగింపుకు తీసుకువస్తుంది, కాబట్టి గుర్తుంటుందిలే అని వదిలేయకండి. తరువాత దొంతర అంచులను గుడ్డతో తుడిచి, పై ప్లేటు నుంచి కింది ప్లేటు దాకా అన్నింటి మీదుగా సుద్దతో గానీ పదునైన మొనతో గానీ ఒకే తిన్నని గీత గీయండి. ఆపైన నట్లన్నింటినీ సమానంగా వదులు చేయండి. చాలా యంత్రాల పుస్తకాలు రెండు చుట్లు వదులు చేయమంటాయి. మీ పుస్తకంలో వేరుగా ఉంటే అదే పాటించండి.

ఇప్పుడు కవరును మళ్లీ బిగించి, చుట్టుపక్కల మనుషులెవరూ లేరని చూసుకుని, ఇంజనును తక్కువ వేగంలో నడుపుతూ పీటీఓను రెండు మూడు సెకన్లు మాత్రమే కలిపి వెంటనే విడదీయండి. ఇంజను ఆపి, బ్లేడు పూర్తిగా నిలిచిన తరువాతే దిగి చూడండి. మీరు గీసిన తిన్నని గీత ఇప్పుడు ముక్కలు ముక్కలై, ప్రతి ప్లేటు మీదా పక్కకు జరిగి కనబడాలి. పక్కపక్కన ఉన్న ఏ రెండు ప్లేట్ల మీదనైనా గీత ఇంకా కలిసే ఉంటే ఆ రెండూ అతుక్కుని ఉన్నాయని అర్థం. దొంతరను పూర్తిగా విప్పి, ఉక్కు ప్లేట్ల తుప్పును గరుకు కాగితంతో తీసి, లైనింగు అరుగుదలను పుస్తకంలోని హద్దుతో పోల్చి చూసి, అవసరమైతే మార్చి మళ్లీ కట్టాలి.

అన్నీ జారినట్టు తేలిన తరువాత నట్లను ముందు రాసుకున్న కొలతకే, ఒకదాని తరువాత ఒకటిగా కొంచెం కొంచెం బిగించుకుంటూ తీసుకురండి. స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి తాకేటంతగా బిగిస్తే క్లచ్ ఎన్నటికీ జారదు. పని చేస్తుండగా క్లచ్ అదే పనిగా జారుతుంటే నట్లు బిగించడం మొదటి మందు కాదు. బ్లేడ్ల పదును పోయిందా, గడ్డి చిక్కదనానికి మించి వేగంగా నడుపుతున్నారా, లైనింగు మీద నూనె గానీ గ్రీజు గానీ పడిందా అని ముందు చూడాలి. గ్రీజ్ గన్ చేతిలో ఉన్నప్పుడు అలవాటుకొద్దీ ప్లేట్లకు కూడా ఒక చుక్క తగిలించేవారు ఉంటారు. క్లచ్‌కు అది విషం.

జారుతున్న క్లచ్ క్షణాల్లో వేడెక్కుతుంది. కాలిన వాసన గానీ పొగ గానీ వస్తే పీటీఓను వెంటనే విడదీసి, దాన్ని చల్లారనివ్వండి. చేయి పెట్టి చూడవద్దు, కాలుతుంది. సీజను ముగిశాక నట్లు వదులు చేసి మోవర్‌ను నిలవ ఉంచితే ప్లేట్లు అతుక్కునే అవకాశం తగ్గుతుంది. అలా చేసినప్పుడు స్టీరింగుకు ఒక అట్టముక్క కట్టి, క్లచ్ వదులుగా ఉందని రాసి పెట్టండి, లేకపోతే వచ్చే సీజనులో మొదటి రోజే లైనింగు కాల్చుకుంటారు.

షాఫ్టు పొడవు, కోణం, గ్రీజు

పీటీఓ షాఫ్టు ఒక గొట్టంలో మరొకటి దూరి పొడవు మారుతూ ఉంటుంది. అది మరీ పొడవైతే, మోవర్ గుంటలో పడి లేచినప్పుడు లోపలి గొట్టం అడుక్కంటా దూరిపోయి, ఒక చివర ట్రాక్టర్ పీటీఓ బేరింగునూ మరో చివర గేర్‌బాక్సునూ గునపంతో పొడిచినట్టు పొడుస్తుంది. మరీ పొట్టిదైతే గొట్టాలు ఒకదానిలో ఒకటి తగినంతగా దూరక, దెబ్బ తగిలినప్పుడు వంగుతాయి, లేదా విడిపోతాయి. షాఫ్టు రెండు ముక్కలనూ విడదీసి, ఒకదాన్ని ట్రాక్టర్‌కు, రెండోదాన్ని మోవర్‌కు తగిలించి, మోవర్‌ను లేపుతూ దించుతూ రెండు చివరల మధ్య దూరం అతి తక్కువగా ఉండే స్థితిలో ఆపి, ముక్కలను పక్కపక్కన పట్టుకుని కొలవండి. ఆ స్థితిలోనూ గొట్టం అడుగు తగలడానికి కనీసం 25 మిల్లీమీటర్ల ఖాళీ మిగలాలి. దూరం అతి ఎక్కువగా ఉండే స్థితిలో గొట్టాలు కనీసం మూడో వంతు పొడవు మేర ఒకదానిలో ఒకటి ఉండాలి. కోయవలసి వస్తే రెండు గొట్టాల నుంచీ, రెండు ప్లాస్టిక్ కవర్ల నుంచీ సమానంగా కోసి, అంచులను ఆకురాయితో నున్నగా చేసి, గ్రీజు రాసి కలపండి.

రెండు లోపలి యోక్‌లూ ఒకే తీరున, ఒకదానికొకటి వరుసగా నిలిచేలా గొట్టాలను కలపాలి. తప్పుగా కలిపితే షాఫ్టు ప్రతి చుట్టులోనూ వేగం పెరుగుతూ తగ్గుతూ తిరిగి, రాయి తగలకుండానే గేర్లను కొడుతూ ఉంటుంది. క్రాసులకు 8 గంటల పనికి ఒకసారి గ్రీజు అందించండి. మోవర్‌ను బాగా ఎత్తవలసి వచ్చినప్పుడు, బిగువైన మలుపు తిప్పుతున్నప్పుడు పీటీఓను ఆపండి. కోణం ఎక్కువైన షాఫ్టు టకటకమని చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు వినబడ్డాక కూడా నడిపితే క్రాసులు మిగలవు.

నేల మీద, సీటు మీద

కోయబోయే నేలను ముందు ఒకసారి కాలినడకన తిరగండి. మొద్దులు, రాళ్లు, పాత కంచె కమ్మీలు, పైపు మూతలు కనబడిన చోటల్లా గడ్డి కన్నా ఎత్తైన కర్ర పాతి, కొసకు రంగు గుడ్డ కట్టండి. ఇనుప తీగ ముక్కలను మాత్రం అప్పటికప్పుడే ఏరేయాలి. తీగ బ్లేడును ఆపదు కనుక బోల్టూ తెగదు, క్లచ్చూ జారదు. అది నిలువు షాఫ్టు చుట్టూ చుట్టుకుని ఆయిల్ సీలును కోసేస్తుంది, ఆ తరువాత నూనె చుక్కచుక్కగా కారిపోయి గేర్‌బాక్సు ఎండిపోయి చస్తుంది.

పరిచయం లేని నేలలో మొదటి కోత 15 సెంటీమీటర్ల ఎత్తులో వేసి, దాగినవి బయటపడ్డాక రెండో కోతలో దించుకోండి. గడ్డి గుబురులోకి వెనక్కి నడపకండి. ట్రాక్టర్ చక్రాలు తొక్కి చూడని నేల మీదికి బ్లేడు ముందుగా పోవడమంటే గుడ్డిగా గుద్దడమే.

పీటీఓను కలిపే తీరు కూడా దెబ్బలలో ఒకటి కావచ్చు. ఇంజను పూర్తి వేగంలో ఉండగా ఒక్కసారిగా కలిపితే, నిశ్చలంగా ఉన్న బ్లేడ్ల బరువంతా ఒకే కుదుపుతో కదలాలి. బయలుదేరుతూనే షియర్ బోల్టు తెగిందంటే చాలాసార్లు కారణం ఇదే. ఇంజను నెమ్మదిగా ఉన్నప్పుడే కలిపి, బ్లేడ్లు తిరగడం అందుకున్నాక మెల్లగా 540కి తీసుకెళ్లండి. ఆపేటప్పుడు కూడా ముందు ఇంజను వేగం తగ్గించి, ఆ తరువాతే విడదీయండి. ట్రాక్టర్ సొంత గేర్‌బాక్సు ద్వారా పీటీఓ నడిచే పాత ట్రాక్టర్లలో క్లచ్ తొక్కినా బ్లేడ్ల విసురు ట్రాక్టర్‌ను ముందుకు తోస్తూనే ఉంటుంది. అలాంటి వాటికి ఒకవైపే లాగే ఓవర్‌రన్నింగ్ క్లచ్ తప్పనిసరి.

540కి తయారైన మోవర్‌ను 1000 ఆర్‌పీఎం పీటీఓకు అడాప్టర్ వేసి తగిలించే ప్రయత్నం ఎప్పుడూ చేయకండి. తిరిగే శక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక బ్లేడ్లలో దాదాపు మూడున్నర రెట్ల శక్తి చేరుతుంది. సాధారణ 35 మిల్లీమీటర్ల పీటీఓలో 6 స్ప్లైన్లుంటే (షాఫ్టు కొస చుట్టూ చెక్కిన పళ్లు) 540, 21 ఉంటే 1000 అని లెక్కపెట్టి తెలుసుకోవచ్చు.

దెబ్బ తగిలిన తరువాత

గట్టి చప్పుడు వినబడగానే పీటీఓ విడదీసి, ఇంజను ఆపి, బ్లేడు నిలిచేదాకా సీటు మీదే ఉండండి. మోవర్ కిందికి చూడవలసి వస్తే దాన్ని లేపి, గట్టి దిమ్మెల మీదో స్టాండుల మీదో ఆనించిన తరువాతే తల వంచండి. హైడ్రాలిక్ లిఫ్టును నమ్మి ఎవరూ దాని కిందికి పోకూడదు.

ప్రతి బ్లేడునూ చేత్తో ముందుకు వెనక్కి ఊపి చూడండి. అది తన బోల్టు మీద తేలిగ్గా మడుచుకోవాలి. గడ్డి పీచు, మట్టి పట్టి బిగుసుకున్న బ్లేడు తరువాతి దెబ్బను పూర్తిగా షాఫ్టుకే అందిస్తుంది. బ్లేడు బోల్టులను పుస్తకంలో చెప్పిన బిగింపుకు టార్క్ రెంచితో సరిచూడండి. బ్లేడు వంగినా చిట్లినా ఒక్కదాన్నే మార్చకుండా జతగా మార్చాలి, ఎందుకంటే బరువులో తేడా ఉన్న జత ప్రతి చుట్టులోనూ బేరింగులను కొడుతూనే ఉంటుంది.

నిలువు షాఫ్టు వంగిందో లేదో చూడటానికి పెద్ద పరికరాలు అక్కరలేదు. డెక్కు (బ్లేడ్లను పైనుంచి కప్పే రేకు పెట్టె) అంచున ఒక కర్రను కదలకుండా బిగించి, దాని కొన బ్లేడు పళ్లెం అంచుకు వేలెడు దూరంలో ఉండేలా పెట్టి, పళ్లేన్ని చేత్తో నెమ్మదిగా ఒక పూర్తి చుట్టు తిప్పండి. ఆ సందు ఒకచోట పెరిగి ఒకచోట తగ్గితే పళ్లెమో షాఫ్టో వంగినట్టే. గేర్‌బాక్సును డెక్కుకు పట్టి ఉంచే బోల్టులను, షాఫ్టు గొట్టం మెలితిరిగిన గుర్తులను, క్రాసుల వదులును కూడా అదే ఊపులో చూసేయండి.

చివరగా గేర్‌బాక్సు నూనె. మట్టపు బిరడా తీసి, శుభ్రమైన పుల్లను ముంచి, ఆ నూనెను తెల్ల కాగితం మీద రాసి ఎండలో అటూ ఇటూ వంచి చూడండి. సన్నని బూడిదరంగు మరక మామూలు అరుగుదల. మెరిసే రేకులు కనబడినా, వేళ్ల మధ్య రుద్దితే గరుకు తగిలినా, ఏదో ఒక పన్ను చిట్లిందన్నమాట. ఆ మోవర్‌ను మళ్లీ తిప్పకుండా, గేర్‌బాక్సు విప్పించి చూసిన తరువాతే పనిలోకి దింపండి.